జపాన్ ట్రిప్‌కి సెల్‌ఫోన్ అద్దెకు తీసుకోవాలా? అమ్మానాన్నలతో వెళ్తున్న మీకు నా సమాధానం

మీరు అడిగింది ఒకసారి క్లుప్తంగా చెప్పుకుందాం. మార్చి నెలాఖరులో సకురా పూలు చూడటానికి మీరు, మీ శ్రీమతి, అమ్మగారు, నాన్నగారు పది రోజులు జపాన్ వెళ్తున్నారు. టోక్యో, క్యోటో, ఒసాకా, మధ్యలో రెండు రోజులు కొండల్లోని టకయామా, షిరకావాగో. నాన్నగారి దగ్గర కీప్యాడ్ ఫోన్ మాత్రమే ఉంది. అక్కడి ఎయిర్‌పోర్టుల్లో సెల్‌ఫోన్లు అద్దెకిస్తారని ఎవరో చెప్పారు. నలుగురికీ తీసుకోవాలా, ఒకటి సరిపోతుందా, మన సిమ్‌కే రోమింగ్ వేయించుకుంటే అయిపోతుందా అన్నది మీ సందేహం.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఫోన్ అద్దెకు తీసుకోవద్దు, ఒక్కటి కూడా. మీ ముగ్గురి స్మార్ట్‌ఫోన్లలో జపాన్ డేటా ఈసిమ్ (ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోన్లోనే ఇన్‌స్టాల్ అయ్యే సిమ్) వేసుకోండి. ఈసిమ్ పట్టని ఫోనైతే మామూలు డేటా సిమ్ కొనండి. నాన్నగారికి ఇంట్లో బీరువాలో పడున్న పాత స్మార్ట్‌ఫోన్ ఏదైనా తీసి, దాంట్లోనూ డేటా సిమ్ వేయండి. మీ ఒక్కరి ఇండియా నంబరుకు చిన్న రోమింగ్ ప్యాక్ వేయించండి. ఓటీపీలు రావడానికి, అవసరం పడితే అంబులెన్సుకో పోలీసుకో కాల్ చేయడానికి అది కావాలి. అద్దెకు తీసుకోదగ్గది ఏదైనా ఉంటే పాకెట్ వైఫై, అంటే జేబులో పట్టే చిన్న వైఫై డబ్బా, అదొక్కటే. అది కూడా టకయామా వైపు వెళ్తున్నారు కాబట్టి తోడుగా ఉంచుకోమంటున్నాను, అందరూ దాని మీదే ఆధారపడేలా వద్దు.

హైదరాబాద్ నుంచి కుటుంబాలను జపాన్ తీసుకెళ్లి తీసుకురావడం నా వృత్తి. ఎక్కువగా అరవై దాటిన తల్లిదండ్రులతో వచ్చేవాళ్లే ఉంటారు. అందరూ నన్ను మొదట అడిగేది "ఎన్ని జీబీలు తీసుకోమంటారు?" అని. లెక్క అక్కడ మొదలుపెట్టకండి. మీ నలుగురిలో ఎవరు ఎవరి నుంచి విడిపోయే అవకాశం ఉందో ముందు ఆలోచించండి. విడిపోగల ప్రతి మనిషి దగ్గరా సొంతంగా పనిచేసే కనెక్షన్ ఉండాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో ఒక సంగతి చెబితే అర్థమవుతుంది. ఒక కుటుంబం నలుగురికీ కలిపి ఒకే పాకెట్ వైఫై అద్దెకు తీసుకుంది. పరికరం అబ్బాయి బ్యాగులో ఉంది. ఊయెనో స్టేషన్లో యమనోతె లైన్ రైలు వచ్చింది, వాళ్లమ్మగారు ముందు ఎక్కేశారు, వెనక ఉన్నవాళ్లు ఎక్కేలోపు తలుపులు మూసుకున్నాయి. ఆమె చేతిలో మంచి స్మార్ట్‌ఫోనే ఉంది. కానీ వైఫై ప్లాట్‌ఫారం మీద ఉండిపోయింది, ఫోన్ రైల్లో వెళ్లిపోయింది. వాట్సాప్ లేదు, మ్యాప్ లేదు, ఇండియా సిమ్‌కు రోమింగ్ లేదు. ఆమెకు తెలుగు, కాస్త హిందీ తప్ప వేరే భాష రాదు. అదృష్టం కొద్దీ ఆమె తర్వాతి స్టేషన్లోనే దిగి అక్కడే నిలబడిపోయారు. స్టేషన్ సిబ్బంది ఆమె మెడలోని హోటల్ కార్డు చూసి, హోటల్‌కు ఫోన్ చేసి, మాకు కబురు చేర్చారు. యమనోతె లైన్ టోక్యో చుట్టూ తిరిగే వలయం, మొత్తం 30 స్టేషన్లు, ఒక చుట్టు తిరగడానికి గంట పడుతుంది. ఆమె కంగారుపడి ఇంకెక్కడో దిగి, ఇంకో రైలు మారి ఉంటే ఎంతసేపు వెతకాల్సి వచ్చేదో. షింజుకు స్టేషన్ అయితే రోజుకు 30 లక్షలకు పైగా జనం వచ్చిపోయే చోటు, బయటకు వెళ్లే దారులే 200కు పైగా ఉంటాయి. "తూర్పు గేటు దగ్గర ఉండండి" అంటే మన పెద్దవాళ్లకు ఏం తెలుస్తుంది?

కాబట్టి పాకెట్ వైఫై ఒక్కటే తీసుకుని నలుగురూ పంచుకుందాం అనుకుంటే వద్దు. డబ్బు మిగులుతుందన్నది నిజమే. కానీ ఆ డబ్బాకు పది మీటర్ల దూరం దాటితే మనిషికీ కుటుంబానికీ మధ్య తీగ తెగిపోయినట్టే.

అద్దె ఫోన్ల మాట ఎక్కడి నుంచి వచ్చింది?

మీకు చెప్పినవాళ్లు తప్పు చెప్పలేదు, పాతకాలం మాట చెప్పారు. మన దగ్గర, యూరప్‌లో 2జీ అంటే జీఎస్ఎం అనే పద్ధతి. జపాన్‌లో జీఎస్ఎం ఎప్పుడూ రాలేదు. వాళ్లు పీడీసీ అనే సొంత పద్ధతి పెట్టుకున్నారు. అందుకని మన ఫోన్ అక్కడికి తీసుకెళ్తే సిగ్నల్ చుక్క కూడా కనబడేది కాదు. విదేశాల నుంచి వచ్చేవాళ్లు నరిటా, కన్సాయ్ ఎయిర్‌పోర్టుల్లో దిగగానే కౌంటర్లో ఫోన్ అద్దెకు తీసుకోవడం అప్పట్లో తప్పనిసరి. 2001లో అక్కడి ఫోన్ కంపెనీ డొకోమో 3జీ మొదలుపెట్టాక, విదేశీ ఫోన్లలో ఆ 3జీ బ్యాండ్లు (సిగ్నల్ నడిచే తరంగాల శ్రేణులు) వచ్చాక ఆ అవసరం తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు 4జీ, 5జీ ప్రపంచమంతా ఒకటే పద్ధతి కాబట్టి మన ఫోన్లే అక్కడ పనిచేస్తాయి.

అయితే ఇక్కడ నాన్నగారి విషయం జాగ్రత్తగా వినండి. ఆయన కీప్యాడ్ ఫోన్ 2జీదైతే జపాన్‌లో అది చేతిగడియారంగా కూడా నమ్మకంగా పనికిరాదు, ఎందుకంటే దానికి అక్కడ అసలు నెట్‌వర్కే లేదు. 3జీ కీప్యాడ్ ఫోన్ అయినా లాభం లేదు. అక్కడి ఇంకో ఫోన్ కంపెనీ ఏయూ తన 3జీని 2022 మార్చి 31న ఆపేసింది. మరో కంపెనీ సాఫ్ట్‌బ్యాంక్ 2024లో ఆపింది, నోటో భూకంపం కారణంగా ఇషికవా జిల్లాలో మాత్రం జూలై చివరిదాకా కొనసాగించింది. డొకోమో తన 3జీకి 2026 మార్చి 31ని చివరి తేదీగా ప్రకటించింది. అందుకని దాన్నీ నమ్ముకోకండి. "రోమింగ్ వేయించాను కదా, నాన్న ఫోన్ మోగుతుంది" అనుకుని బయలుదేరితే అక్కడ దిగాక తెలుస్తుంది.

ఇప్పటికీ ఫోన్ అద్దెకు ఎవరికి అవసరం?

మాట్లాడటానికి జపాన్ నంబరు కావాల్సినవాళ్లకు. అక్కడ టూరిస్టులకు డేటా సిమ్‌లు ఎక్కడైనా దొరుకుతాయి గానీ, 090, 080, 070తో మొదలయ్యే వాయిస్ నంబరు అంత తేలిగ్గా ఇవ్వరు. ముసలివాళ్లకు ఫోన్ చేసి "నేను మీ అబ్బాయిని, డబ్బు పంపండి" అని మోసం చేసే ముఠాలు పెరిగిపోవడంతో 2005లో అక్కడ ఒక చట్టం తెచ్చారు. వాయిస్ నంబరు ఇచ్చేవాళ్లు, ఫోన్ అద్దెకిచ్చేవాళ్లు కూడా మనిషి గుర్తింపును కచ్చితంగా సరిచూసుకోవాలి. అందుకే అద్దె ఫోన్ కౌంటర్లో పాస్‌పోర్టు అడుగుతారు, దానికి భయపడక్కర్లేదు.

వైద్యం కోసం వెళ్లి ఆసుపత్రితో రోజూ మాట్లాడాల్సినవాళ్లు, పది కంపెనీలకు తిరిగే వ్యాపారులు, ఎగ్జిబిషన్లో స్టాల్ పెట్టేవాళ్లు, వీళ్లకు అద్దె ఫోన్ తీసుకోమనే నేను చెబుతాను. జపాన్‌లో వచ్చే కాల్‌కు డబ్బు పడదు, చేసే కాల్‌కు నిమిషానికి ఇంత అని పడుతుంది, ఇండియాకు చేస్తే చాలా ఎక్కువ పడుతుంది. మీలా చూడటానికి వెళ్లేవాళ్లకు జపాన్ నంబరు అవసరం పడేది దాదాపు ఒక్కచోటే: కొన్ని రెస్టారెంట్లు టేబుల్ బుక్ చేయాలంటే లోకల్ నంబరు అడుగుతాయి. ఆ పని మీ హోటల్ రిసెప్షన్ వాళ్లకు చెబితే వాళ్లే చేసిపెడతారు.

ఇంకొక కారణం కూడా ఉంది. అద్దె స్మార్ట్‌ఫోన్ తీసుకుంటే మనవాళ్లు మొదట చేసే పని దాంట్లో వాట్సాప్ పెట్టుకోవడం. వాట్సాప్ నంబరు కొత్త ఫోన్లో వేయాలంటే ఓటీపీ ఇండియా సిమ్‌కు వస్తుంది, ఆ సిమ్ ఎక్కడో ఉంటుంది. వచ్చినా, పాత ఫోన్లో వాట్సాప్ ఆగిపోతుంది. ఆపైన గూగుల్ ఖాతా, ఫొటోలు, కొందరైతే బ్యాంకు యాప్ కూడా అందులో తెరుస్తారు. తిరిగి ఇచ్చేటప్పుడు అవన్నీ తుడిచిపెట్టడం మరిచిపోతారు. మీ స్నేహితులెవరైనా తప్పనిసరై అద్దె ఫోన్ తీసుకుంటే ఈ ఒక్క మాట చెప్పండి: అద్దె ఫోన్‌తో మాట్లాడాలి, అంతే. ఏ ఖాతాలోనూ లాగిన్ కాకూడదు.

ఈసిమ్, డేటా సిమ్

ముందు మీ ఫోన్ల సంగతి చూసుకోండి. డయల్ ప్యాడ్‌లో *#06# కొట్టండి. ఐఎంఈఐ నంబర్లతో పాటు ఈఐడీ అని 32 అంకెల పెద్ద నంబరు కనిపిస్తే ఆ ఫోన్‌కు ఈసిమ్ ఉన్నట్టు. ఐఫోన్లలో 2018లో వచ్చిన ఎక్స్ఎస్, ఎక్స్ఆర్ నుంచి ఉంది. ఆండ్రాయిడ్లో ఖరీదైన వాటిలో ఉంటుంది, పదిహేను వేల లోపు ఫోన్లలో చాలావాటిలో ఉండదు. లేకపోతే దిగులు వద్దు. రెండు సిమ్ స్లాట్లు ఉంటాయి కదా, ఒకదాంట్లో ప్లాస్టిక్ డేటా సిమ్ వేస్తే సరిపోతుంది. నరిటా, హనెడా, కన్సాయ్ మూడుచోట్లా అరైవల్స్ హాలులోనే అమ్ముతారు, కానీ ముందే ఆన్‌లైన్లో కొంటే కాస్త చవక.

ధరలు మారుతుంటాయి గనుక ఒక అంచనా మాత్రం చెబుతాను. జపాన్‌కు పది జీబీ ఈసిమ్ సాధారణంగా 1,200 నుంచి 2,000 రూపాయల మధ్య దొరుకుతుంది. మీకూ మీ శ్రీమతికీ అది సరిపోతుంది. మ్యాప్స్, వాట్సాప్ మెసేజీలు, అనువాదం యాప్‌కు పోయేది చాలా తక్కువ. తినేసేది రీల్స్, యూట్యూబ్, ఊళ్లో ఉన్న మనవలతో వీడియో కాల్స్. ఆ కాల్స్ రాత్రి హోటల్ వైఫైలో చేసుకోమనండి. మనకూ వాళ్లకూ మూడున్నర గంటలే తేడా కాబట్టి అక్కడ రాత్రి తొమ్మిది అంటే మనకు సాయంత్రం అయిదున్నర, అందరికీ కుదిరే వేళ. అమ్మగారికి, నాన్నగారికి మూడు, అయిదు జీబీల ప్లాన్ చాలు.

కొనేటప్పుడు ఒక్కటి చూడండి. విదేశీ సిమ్‌లు, ఈసిమ్‌లు ఇండియాలో అమ్మాలన్నా అద్దెకివ్వాలన్నా మన టెలికం శాఖ అనుమతి ఉండాలి. అనుమతి లేదన్న కారణంతో 2024 జనవరిలో రెండు పెద్ద విదేశీ ఈసిమ్ యాప్‌లను ఇక్కడి యాప్ స్టోర్ల నుంచి తీయించారు. ఇక్కడ అధికారికంగా అమ్మేవాళ్లు పాస్‌పోర్టు, వీసా కాపీలు తీసుకుంటారు, అది నిబంధనే. అడగకుండా వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పంపేవాళ్ల దగ్గర కొనకండి.

ఇప్పుడు అందరూ తడబడే చోటికి వద్దాం. ఈసిమ్‌ను ఇంట్లోనే, మీ వైఫై మీద, ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు ఇన్‌స్టాల్ చేయండి. ఎయిర్‌పోర్టులో సామాన్ల మధ్య నిలబడి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడం చాలా యాతన. ఎక్కువ ప్లాన్లలో రోజుల లెక్క జపాన్ నెట్‌వర్క్ పట్టుకున్నాకే మొదలవుతుంది, కొనేముందు ఆ మాట రాసి ఉందో లేదో చూసుకోండి. ఒకసారి ఇన్‌స్టాల్ చేశాక పొరపాటున కూడా డిలీట్ చేయకండి, చాలా ఈసిమ్‌లు మళ్లీ ఎక్కవు.

అక్కడ దిగాక సెట్టింగ్స్‌లో ఈసిమ్ లైనుకు డేటా రోమింగ్ ఆన్, ఇండియా సిమ్ లైనుకు డేటా రోమింగ్ ఆఫ్. "రోమింగ్ ఆన్ చేస్తే బిల్లు పడుతుంది కదండీ" అని అందరూ భయపడి రెండూ ఆఫ్ చేసేస్తారు, ఆ తర్వాత నెట్ రావట్లేదని నాకు ఫోన్ చేస్తారు. చాలా టూరిస్టు ఈసిమ్‌లు వేరే దేశపు కంపెనీవి, జపాన్‌లో అవి రోమింగ్ మీదే నడుస్తాయి. ఆ లైనుకు ఆన్ చేసినంత మాత్రాన అదనపు డబ్బు పడదు, మీరు కొన్న జీబీలోంచే పోతుంది. ఐఫోన్‌లో ఇంకొకటి: సెల్యులార్ డేటా స్విచింగ్ అనే మీట ఉంటుంది, అది ఆఫ్‌లో ఉండాలి. లేకపోతే ఈసిమ్ సిగ్నల్ తగ్గినప్పుడు ఫోన్ తనంతట తానే ఇండియా సిమ్ డేటాకు మారిపోతుంది.

వాట్సాప్ "మీ నంబరు మారిందా?" అని అడిగితే పాత నంబరే ఉంచమని నొక్కండి. నంబరు మీ ఇండియాదే ఉంటుంది, నెట్ మాత్రం జపాన్‌ది వాడుకుంటుంది.

ఇండియా సిమ్ రోమింగ్

నలుగురికీ రోమింగ్ ప్యాక్‌లు వేయించడం కూడా తప్పేమీ కాదు. పెద్దవాళ్లకు ఏ సెట్టింగూ మార్చక్కర్లేని సుఖం దాంట్లో ఉంది. కానీ పది రోజులకు నాలుగు ప్యాక్‌లంటే ఖర్చు బాగా పెరుగుతుంది, ఇచ్చే డేటా తక్కువ. అందుకే మీ ఒక్కరికి చాలంటున్నాను. ఇంటర్నేషనల్ రోమింగ్ ఇండియాలో ఉండగానే మొదలుపెట్టించండి, అక్కడికి వెళ్లాక యాప్‌తో కుస్తీ పడొద్దు. రోమింగ్‌లో ఉన్నప్పుడు వచ్చే ఎస్ఎంఎస్‌కు మన కంపెనీలు డబ్బు తీసుకోవు, కాబట్టి బ్యాంకు ఓటీపీలు నిశ్చింతగా వస్తాయి. వచ్చిన కాల్ ఎత్తితే మాత్రం ప్యాక్ నిమిషాలు పోతాయి, ప్యాక్ లేకపోతే గట్టిగానే పడుతుంది. లోన్ కావాలా అని చేసేవాళ్ల కాల్స్ ఎత్తకండి.

3జీ పోయింది గనుక జపాన్‌లో ఇప్పుడు కాల్ 4జీ మీదే, అంటే వోల్టీ మీదే వెళ్లాలి. మీ కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి "జపాన్‌లో నా ఫోన్ మోడల్‌కు వోల్టీ రోమింగ్ ఉందా?" అని ఈ మాటల్లోనే అడగండి. ఉత్త "రోమింగ్ ఉందా?" అంటే ఉందనే చెబుతారు.

ఇది ఎందుకు ముఖ్యమంటే, అక్కడ పోలీసుకు 110, అంబులెన్సుకు, అగ్నిమాపక దళానికి 119. డేటా మాత్రమే ఉన్న సిమ్‌తో ఈ నంబర్లకు కాల్ వెళ్లదు. మీ ఇండియా సిమ్ రోమింగ్‌లో ఉంటే వెళ్తుంది. అదీ లేనప్పుడు స్టేషన్లలో, రోడ్ల మీద కనిపించే ఆకుపచ్చ పబ్లిక్ ఫోన్లు ఉన్నాయి, వాటి నుంచి 110, 119కి డబ్బు వేయకుండానే చేయొచ్చు. హోటల్లో ఉంటే రిసెప్షన్‌కు చెప్పడమే అన్నిటికంటే త్వరగా అయ్యే పని. దారి తప్పితే వీధి మలుపుల్లో కోబన్ అనే చిన్న పోలీసు గదులు ఉంటాయి. అక్కడి పోలీసులు దారి చూపించడం తమ రోజువారీ పనిగానే చేస్తారు. నాన్నగారికి కోబన్ ఫొటో ఒకటి ముందే చూపించి పెట్టండి.

పాకెట్ వైఫై అద్దెకు తీసుకుంటే

టకయామా, షిరకావాగో కోసం ఒకటి ఉంటే మంచిదన్నాను. కారణం ఫోన్ బ్యాండ్లు. ఆ కొండ దారుల్లో డొకోమో, ఏయూ ఎక్కువగా 800 మెగాహెర్ట్జ్ మీద సిగ్నల్ ఇస్తాయి, అంటే 18, 19, 26 నంబర్ల బ్యాండ్లు. ఇండియాలో అమ్మే మామూలు ఫోన్లలో చాలావాటికి ఆ బ్యాండ్లు ఉండవు. మన ఫోన్లలో 1, 3, 8 తప్పకుండా ఉంటాయి కాబట్టి టోక్యో, క్యోటో, ఒసాకాల్లో ఏ ఇబ్బందీ రాదు. కొండల్లోకి వెళ్లేసరికి పక్కన కూర్చున్న జపాన్ ఆయన ఫోన్లో నిండుగా సిగ్నల్, మన ఫోన్లో ఒక గీత. అక్కడి కంపెనీల కోసమే తయారైన పాకెట్ వైఫైలో ఆ బ్యాండ్లుంటాయి. మీ ఫోన్లు ఐఫోన్లయితే అన్ని బ్యాండ్లూ ఉంటాయి, వైఫై మానేయొచ్చు.

అద్దె రోజుకు దాదాపు 500 నుంచి 1,000 యెన్‌ల వరకు ఉంటుంది. వంద యెన్‌లంటే మన డబ్బులో అటూ ఇటూగా 55, 60 రూపాయలు వేసుకోండి. తీసుకున్న రోజు, తిరిగిచ్చిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. రాత్రి పదకొండున్నరకు తీసుకున్నా ఒక రోజే. బుక్ చేసేటప్పుడు ఈ కింది విషయాలు కచ్చితంగా చదవండి.

కౌంటర్ వేళలు. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ మీదుగానో, సింగపూర్, కౌలాలంపూర్ మీదుగానో వెళ్తే కొన్ని విమానాలు రాత్రి బాగా పొద్దుపోయాక దిగుతాయి. అప్పటికి కౌంటర్ మూసేసి ఉండొచ్చు. అలాంటప్పుడు హోటల్‌కే పంపించమని పెట్టుకోండి, చాలా సంస్థలు పంపిస్తాయి. పేరు మాత్రం హోటల్ బుకింగ్‌లో ఎలా ఉందో అలాగే రాయండి.

అన్‌లిమిటెడ్ అన్న మాట. ఎక్కువచోట్ల రోజుకు లేదా మూడు రోజులకు ఇంత అని ఒక హద్దు ఉంటుంది, దాటితే వేగం పడిపోతుంది. అది చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతికి చదవండి.

పోగొడితే ఎంత? బీమా లేకుండా పోగొడితే వేల యెన్‌లలో, కొన్నిచోట్ల 30, 40 వేల యెన్‌ల దాకా కట్టమంటారు. రోజుకు కొద్ది యెన్‌ల బీమా పెట్టుకోమనే నేను అందరికీ చెబుతాను. మా యాత్రికుల్లో ఒకాయన పరికరం, కేబుల్ అన్నీ తిరిగిచ్చాక, ఊరొచ్చిన రెండు వారాలకు అద్దె సంస్థవాళ్లు కేబుల్ లేదంటూ ఆయన కార్డు నుంచి డబ్బు తీసుకున్నారు. ఆయన దగ్గర కవరులో పెట్టేముందు తీసిన ఫొటో ఉంది, అది పంపితే డబ్బు వెనక్కి వచ్చింది. అందుకే తీసుకున్నప్పుడు ఒక ఫొటో, కవరులో సర్దాక ఒక ఫొటో తీసి పెట్టుకోండి. పరికరం మీద అతికించిన వైఫై పేరు, పాస్‌వర్డ్‌ల ఫొటో కూడా నలుగురి ఫోన్లలో ఉండనివ్వండి.

కార్డు. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ చెల్లింపులు మొదట ఆపేసే ఉంటాయి, 2020 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన అది. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. డెబిట్ కార్డును కొన్ని అద్దె సంస్థలు ఒప్పుకోవు, క్రెడిట్ కార్డు దగ్గరుంచుకోండి.

తిరిగివ్వడం చాలా తేలిక. ముందే డబ్బు కట్టిన కవరు ఇస్తారు, అందులో పెట్టి ఎర్రటి పోస్టు డబ్బాలో వేస్తే చాలు. ఎయిర్‌పోర్టులో వేయాలనుకుంటే సెక్యూరిటీ చెక్‌లోకి వెళ్లకముందే వేసేయండి, లోపలికి వెళ్లాక డబ్బా దొరకదు. నేనైతే ఆఖరి ఉదయం హోటల్ దగ్గరి పోస్టు డబ్బాలోనే వేయిస్తాను.

నాన్నగారి ఫోన్

నిజానికి మీ ప్రశ్నలో అసలు విషయం ఇదేనని నాకనిపించింది. స్మార్ట్‌ఫోన్ అలవాటు లేని పెద్దాయనకు విమానం ఎక్కే ముందు రోజు ఫోన్ చేతికిస్తే ఆయన దాన్ని జేబులో పెట్టుకుని మరిచిపోతారు. కనీసం నెల ముందు ఇవ్వండి. ఇంట్లో ఉండగానే రోజూ మీ వాట్సాప్ కాల్ ఆ ఫోన్‌కే చేయండి. ఎత్తడం, తిరిగి చేయడం, లొకేషన్ పంపడం, ఈ మూడే నేర్పండి. మిగతా యాప్‌లన్నీ కనబడకుండా తీసేసి, మొదటి స్క్రీన్ మీద వాట్సాప్, మీ ఫొటోతో కాంటాక్టు మాత్రం ఉంచండి. అక్షరాలు పెద్దవి చేయండి. ఆయన కీప్యాడ్ ఫోన్లోని ఇండియా నంబరుతోనే వాట్సాప్ తెరవండి, ఓటీపీ ఇంట్లో ఉండగానే వచ్చేస్తుంది కాబట్టి ఆ తర్వాత ఆ సిమ్ అక్కర్లేదు.

అక్కడ ప్రతి ఉదయం హోటల్లోంచి బయలుదేరేముందు అమ్మగారి ఫోన్లోనూ నాన్నగారి ఫోన్లోనూ వాట్సాప్ లైవ్ లొకేషన్ ఎనిమిది గంటలకు పెట్టి మీకు పంపండి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే లొకేషన్ ఆగిపోతుంది, అది ఆఫ్ చేయండి. భూమి లోపలి స్టేషన్లలో లొకేషన్ అటూ ఇటూ దూకుతుంది, దాన్ని చూసి కంగారుపడొద్దు.

ఫోన్ ఎంత బాగా పనిచేసినా చార్జింగ్ అయిపోతుంది, చేయి జారుతుంది. అందుకని హోటల్ పేరు, అడ్రసు జపనీస్‌లో ఉన్న కార్డు ఇద్దరి జేబుల్లో, వీలైతే మెడలో ఉండాలి. ఒక మాట కూడా ముందే అనుకోండి: రైల్లో విడిపోతే, ఎక్కినవాళ్లు తర్వాతి స్టేషన్లో దిగి అక్కడే ఉండాలి. ఎక్కనివాళ్లు తర్వాతి రైల్లో అక్కడికి వస్తారు. మా బృందాల్లో ప్రతి రోజూ పొద్దున ఈ మాట పెద్దవాళ్ల చేత పలికిస్తాను.

భూకంపం గురించి భయపెట్టాలని కాదు గానీ, అక్కడ ఫోన్లన్నీ ఒక్కసారిగా వింతగా మోగడం మీరూ వినొచ్చు, అది ముందస్తు హెచ్చరిక. మన ఫోన్లలో అది కొన్నిసార్లు వస్తుంది, కొన్నిసార్లు రాదు. అందుకని సేఫ్టీ టిప్స్ అనే యాప్ మీ ఇద్దరి ఫోన్లలో వేసుకోండి, అది అక్కడి పర్యాటక సంస్థ పర్యవేక్షణలో వచ్చింది, ఇంగ్లిష్‌లో హెచ్చరిస్తుంది.

చిన్న చిన్నవి

జపాన్ కరెంటు 100 వోల్టులు, ప్లగ్గుకు రెండు చదును పిన్నులు. మన గుండ్రటి పిన్నులు దూరవు, అడాప్టర్ కావాలి. మన ఫోన్ చార్జర్ల మీద 100-240 అని ఉంటుంది కాబట్టి వోల్టేజీతో చిక్కు లేదు. నలుగురికీ నాలుగు అడాప్టర్లు కొనే బదులు ఒక అడాప్టర్, దానికి మన ఎక్స్‌టెన్షన్ బోర్డు చిన్నది ఒకటి తీసుకెళ్లండి.

పవర్ బ్యాంకు, పాకెట్ వైఫై రెండింటిలోనూ లిథియం బ్యాటరీ ఉంటుంది. పవర్ బ్యాంకు చెకిన్ సామానులో వేయకూడదు, పాకెట్ వైఫై కూడా చేతి సంచిలోనే పెట్టండి. 100 వాట్ అవర్స్ లోపు, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్ లోపు పవర్ బ్యాంకుకు ఇబ్బంది లేదు. జపాన్ ప్రభుత్వం 2025 జూలై నుంచి పవర్ బ్యాంకులను పైనున్న లగేజీ అరలో పెట్టొద్దని, కంటికి కనబడే చోట ఉంచుకోమని చెబుతోంది. ముందు సీటు జేబులోనో, మీ ఒళ్లోనో పెట్టుకోండి.

రైలు టికెట్ల కోసం సుయికా కార్డును ఫోన్లో వేసుకుందామని చూస్తున్నట్టయితే, ఐఫోన్ 8, ఆపై వాటిలో అవుతుంది. జపాన్ బయట కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో దాదాపు అవదు, దానికి కావాల్సిన చిప్ వాటిలో ఉండదు. అమ్మగారికీ నాన్నగారికీ ప్లాస్టిక్ కార్డే కొనివ్వండి, ఫోన్ చార్జింగ్ లేకపోయినా గేటు తెరుచుకుంటుంది.

గూగుల్ అనువాదం యాప్‌లో జపనీస్‌ను ఆఫ్‌లైన్ కోసం ఇక్కడే డౌన్‌లోడ్ చేసుకోండి. మీరు పూర్తిగా శాకాహారులైతే దుకాణంలో పొట్లం మీది రాతను కెమెరాతో చదివించుకోవడానికి అది రోజూ కావాలి.

మీ నాలుగు ఫోన్ల మోడల్ పేర్లు, మీ విమానం అక్కడ ఎన్నింటికి దిగుతుందో కింద రాయండి. ఏ ఫోన్‌కు ఈసిమ్ పడుతుందో, పాకెట్ వైఫై కౌంటర్లో తీసుకోవాలో హోటల్‌కు తెప్పించుకోవాలో చూసి చెబుతాను. నాన్నగారికి ఇవ్వబోయే పాత ఫోన్ మోడల్ మాత్రం తప్పకుండా రాయండి. అది 4జీ కాకపోతే ఇప్పుడే ఇంకొకటి చూసుకోవాలి.